అరుదైన కారే, అయినా ధర ఎందుకు పలకదు?

గుంటూరు అరండల్‌పేటలో మీ పాత ఇంటి షెడ్డులో నాన్నగారి 1974 మోడల్ స్టాండర్డ్ గెజెల్ (మద్రాసులోని స్టాండర్డ్ కంపెనీ చేసిన కారు) ఉందనీ, ఏళ్ళ తరబడి కదలలేదనీ, చూడ్డానికి వచ్చిన బ్రోకరు తుక్కు రేటు మీద కాస్త ఎక్కువ చెప్పి వెళ్ళాడనీ రాశారు. మీకు తెలిసినవాళ్ళ ప్రీమియర్ పద్మిని మాత్రం దానికి ఎన్నో రెట్ల ధరకు పోయింది. "పద్మినిలు ఒకప్పుడు ఊరంతా ఉండేవి. గెజెల్ జిల్లా అంతా గాలించినా ఇంకోటి దొరకదు. అరుదైన దానికి కదా ఎక్కువ రావాలి?" అన్నది మీ ప్రశ్న.

నేను విజయవాడ ఆటోనగర్‌లో పాత కార్లు బాగుచేయించడం, కొనడం, అమ్మిపెట్టడం చాలా కాలంగా చేస్తున్నాను. బ్రోకరు బేరానికి కొంత తగ్గించే చెప్పి ఉంటాడు. అయినా పద్మినికి వచ్చినంత గెజెల్‌కి రాదన్నది నిజం. వినడానికి వింతగా ఉంటుంది గానీ, గెజెల్ తక్కువ తయారైంది కాబట్టే దాన్ని అడిగేవాళ్ళు కూడా తక్కువ.

పాత కారు కొనేవాళ్ళెవరో ఒకసారి చూడండి. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నలభై ఐదు దాటినవాళ్ళు. పిల్లల చదువులు ఒక కొలిక్కి వచ్చి, ఇంటి అప్పు తీరి, చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్న వయసు. వాళ్ళు వెతికేది చిన్నప్పుడు వెనక సీట్లో ఇరుక్కుని తిరుపతి వెళ్ళిన కారు, లేదా ఎదురింటి డాక్టరుగారి దగ్గర చూసి ఆశపడ్డ కారు. బొంబాయిలో ప్రీమియర్ కంపెనీ 1964లో ఫియట్ 1100 డిలైట్ మొదలుపెట్టి, 1970ల్లో దానికే పద్మిని అని పేరు మార్చి, దాదాపు 2000 దాకా అదే ఆకారంలో అమ్మింది. తాతకీ, తండ్రికీ, కొడుక్కీ అదే ముఖం గుర్తు. 2023 అక్టోబరులో ముంబయిలో చివరి పద్మిని టాక్సీ రోడ్డు మీంచి తప్పుకుంటే అదొక పెద్ద వార్త అయింది. అంబాసిడర్ సంగతి చెప్పక్కర్లేదు. 1950ల చివర్లో మొదలై 2014 దాకా వచ్చింది. ఫ్యాక్టరీ ఆగిపోయిన మూడేళ్ళకి కేవలం ఆ పేరునే 80 కోట్లకు ఫ్రాన్స్‌లోని పెజో కంపెనీ కొనుక్కుంది.

గెజెల్ 1972లో వచ్చింది, 1977కల్లా ఆగిపోయింది. మధ్యలో 1973 చమురు సంక్షోభం వచ్చి పెట్రోలు ధర భగ్గుమంది, కార్ల అమ్మకాలే పడిపోయాయి. దాన్ని కొన్న ఇళ్ళు కొద్ది. ఆ కొద్ది ఇళ్ళలో పిల్లలుగా ఉండి, ఇప్పుడు డబ్బు పెట్టగలిగి, ఇల్లాలిని ఒప్పించగలిగి, కారు నిలపడానికి చోటున్నవాళ్ళు ఎంతమంది మిగులుతారు? మీరు ఒకరు, మీరేమో అమ్మేవైపు ఉన్నారు. ఏ కారైనా వంద ఉండి వెయ్యిమంది వెతుకుతుంటే ధర పెరుగుతుంది. పదే ఉండి ముగ్గురే వెతుకుతుంటే ఆ ముగ్గురు చెప్పిందే ధర.

దీనికి తిరగేసిన ఉదాహరణ షెవ్రొలే ఇంపాలా. అమెరికాలో 1965 ఒక్క సంవత్సరంలోనే పది లక్షలకు పైగా ఇంపాలాలు అమ్ముడయ్యాయి. అక్కడ అది మామూలు సంసారుల కారు. ఇక్కడ దిగుమతుల మీద గట్టి ఆంక్షలున్న రోజుల్లో సినిమావాళ్ళ దగ్గరా, పెద్ద మిల్లు యజమానుల దగ్గరా కనిపించింది. రోడ్డంత వెడల్పు కారు వీధిలోకి వస్తే జనం అరుగుల మీంచి లేచి చూశారు. ఇప్పటికీ మన ప్రాంతంలో ఎక్కడైనా ఇంపాలా ఉందని తెలిస్తే హైదరాబాదు నుంచి, చెన్నై నుంచి ఫోన్లు వస్తాయి. ఎన్ని తయారయ్యాయో అడిగేవాళ్ళే ఉండరు.

అరుదుతనానికి అసలు విలువే లేదని కాదు. ఫెరారీ 250 జీటీవో అనే రేసు కారు మొత్తం 36 మాత్రమే చేశారు. 2018లో అమెరికా వేలంలో ఒకటి 4 కోట్ల 84 లక్షల డాలర్లకు పోయింది. కానీ ఆ 36 కార్లు 1962, 63, 64 మూడేళ్ళూ ప్రపంచ జీటీ ఛాంపియన్‌షిప్ గెలిచాయి. వాటిని కళ్ళతో చూడనివాళ్ళు కూడా బొమ్మల్లో చూసి గోడకి అంటించుకున్నారు. చేసిన సంఖ్య చిన్నది, తెలిసినవాళ్ళ సంఖ్య మహా పెద్దది. ధర పుట్టేది ఆ తేడాలోంచే.

అదే కాలంలో అదే కంపెనీ 250 జీటీఈ అని ఇంకో కారు చేసింది. అందులోనూ అదే కుటుంబానికి చెందిన 3 లీటర్ల 12 సిలిండర్ల ఇంజను. ఇందులో వెనక ఇద్దరు కూర్చోవడానికి సీట్లు పెట్టారు, తొమ్మిది వందలకు పైగా తయారు చేశారు. చాలా ఏళ్ళు దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. చివరికి ఏం చేశారంటే, మంచి మంచి జీటీఈలను కోసేసి, ఆ ఛాసిస్ (కారు అడుగు చట్రం), ఇంజన్ల మీద జీటీవో నకళ్ళు కట్టారు. ఇది మనసులో పెట్టుకోండి, మీ గెజెల్ విషయంలో మళ్ళీ అవసరం పడుతుంది.

వెనక సీట్ల మాట వచ్చింది కాబట్టి ఆకారం గురించి చెబుతాను. సంసారానికి ఏది సుఖమో సేకర్తకి అది అక్కర్లేదు. ప్రపంచమంతా దాదాపు ఒకటే వరస: పైకప్పు తీసే కారుకి ఎక్కువ, రెండు తలుపుల దానికి ఆ తర్వాత, నాలుగు తలుపుల దానికి ఇంకా తక్కువ. జాగ్వార్ ఈ టైప్ 1961లో వచ్చింది. దాని రెండు సీట్ల కారు కోసం ఎగబడతారు. 1966లో వెనక చిన్న సీట్లు పెట్టి పైకప్పు ఎత్తు చేసిన 2 ప్లస్ 2 వచ్చింది, అది ఇప్పటికీ వాటికంటే చవక. కుటుంబంతో వెళ్ళాలంటే ఇంట్లో వేరే కారు ఉంటుంది కదా. ఆదివారం పొద్దున్నే బయటికి తీసి, ప్రకాశం బ్యారేజీ దాటి అలా తిరిగి రావడానికి కొనే కారుకి నాలుగు తలుపులు ఎందుకు?

ఇక మీ గెజెల్‌కి అన్నగారైన హెరాల్డ్ దగ్గరికి వద్దాం, గెజెల్ పుట్టింది దాని నుంచే. ట్రయంఫ్ హెరాల్డ్‌ని ఇటలీకి చెందిన జొవాన్నీ మికెలొట్టి గీశాడు. ఇంగ్లండులో 1959లో వచ్చింది, మద్రాసులోని స్టాండర్డ్ కంపెనీ 1961లో ఇక్కడ మొదలుపెట్టింది. దాని గొప్పంతా ముందుభాగంలో ఉంది. బానెట్, మడ్‌గార్డులు, హెడ్‌లైట్లు అన్నీ ఒకే ముక్క. రెండు పక్కలా ఉన్న క్లిప్పులు తీసి, వెనక అంచు పట్టుకుని ఎత్తితే మొత్తం ముందుకు వాలిపోతుంది. ఇంజను, స్టీరింగ్ ర్యాక్, ముందు సస్పెన్షన్ అన్నీ బయటపడతాయి. మెకానిక్ ముందు టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు. ఎక్కడైనా పాత కార్ల ప్రదర్శనలో హెరాల్డ్ యజమాని ఆ ముందుభాగం ఎత్తాడంటే పిల్లలంతా అక్కడికే చేరతారు. పక్కన దానికంటే ఖరీదైన కారు ఉన్నా సరే.

గెజెల్‌లో ఏం చేశారు? ఇక్కడి హెరాల్డ్‌కి తర్వాత వచ్చిన నాలుగు తలుపులు అలాగే ఉంచి, ముందు గ్రిల్ మార్చి, బానెట్‌ని అన్ని కార్లలాగా మామూలుగా తెరుచుకునేలా చేశారు. వెనక యాక్సిల్ (చక్రాల ఇరుసు) కూడా మార్చారు. హెరాల్డ్‌లో వెనక చక్రాలు దేనికది ఊగేవి. మలుపులో వేగంగా పోతూ హఠాత్తుగా యాక్సిలరేటర్ వదిలేస్తే చక్రం లోపలికి మడిచినట్టయి బండి వెనకభాగం జారేది. గెజెల్‌లో అంబాసిడర్‌లాగా ఒకే కడ్డీ యాక్సిల్ వేశారు. మన రోడ్లకి అది దృఢమైన ఏర్పాటు. ఇంజనీరింగ్ లెక్కన చూస్తే మీ నాన్నగారిదే మెరుగైన బండి, ఈ మాట నేను ఎవరి ముందైనా అంటాను. కానీ సేకర్త ప్రేమించిన బానెట్‌ని తీసేసి, సేకర్తకి అక్కర్లేని భద్రతని ఇచ్చింది. రోడ్డు మీద గెలిచి మార్కెట్లో ఓడింది.

ఇలాంటిది ఒక్క మన దేశంలోనే జరగలేదు. ఎంజీబీ అనే ఇంగ్లీషు స్పోర్ట్స్ కారుకి 1974లో అమెరికా భద్రతా నిబంధనల కోసం మెరిసే క్రోమ్ బంపర్లు తీసేసి నల్లటి రబ్బరు బంపర్లు పెట్టారు, కారు ఎత్తు కూడా పెంచారు. మిగతాదంతా దాదాపు అదే కారు. అయినా ఇప్పటికీ క్రోమ్ బంపరు ఉన్నదానికి ఒక ధర, రబ్బరు దానికి ఇంకో ధర. రబ్బరు బంపర్లు పీకేసి పాతవి బిగించుకునేవాళ్ళు ఎంతమందో.

కొన్ని కార్లకి పుట్టుకతో వచ్చిన చెడ్డపేరు ఉంటుంది. పోర్షా 924 సంగతే తీసుకోండి, దాని ఇంజను మూలం ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్‌లో కూడా వాడారు. ఎంత చక్కగా మలుపు తిరిగినా "వ్యాన్ ఇంజన్ పోర్షా" అన్న మాట దశాబ్దాల పాటు దాన్ని వదల్లేదు. మన స్టాండర్డ్ కంపెనీయే 1985లో స్టాండర్డ్ 2000 అని తెచ్చింది. శరీరం రోవర్ ఎస్‌డీ1ది, ఇంగ్లండులో అందులో 8 సిలిండర్ల 3.5 లీటర్ల ఇంజను కూడా ఉండేది. ఇక్కడ దానికి పాత స్టాండర్డ్ వ్యాన్‌గార్డ్ కారు కాలం నాటి 2 లీటర్ల ఇంజను తగిలించారు. కారు బరువు ఎక్కువ, ధర ఎక్కువ, పరుగు తక్కువ. మూడేళ్ళలో కథ ముగిసింది. ఈ రోజు ఎక్కడైనా ఒకటి దొరికినా, ముచ్చటగా చూస్తారు గానీ చెక్కు రాయరు. కాంటెస్సా కొనేవాళ్ళు కూడా మొదట అడిగేది ఇంజను గురించే. 1984లో వచ్చిన మొదటి కాంటెస్సాలో అంబాసిడర్‌కి వేసిన 1.5 లీటర్ల ఇంజనే ఉండేది, తర్వాత జపాన్ ఇసుజు కంపెనీ 1.8 లీటర్ల ఇంజను వచ్చింది. రెండోదాన్నే వెతుకుతారు.

నాలాంటివాడు ఒక కారుని చూడగానే వేసుకునే లెక్క ఒకటుంది. ధర తేలేది అక్కడే. కారు బాగుచేశాక ఎంతకి పోతుంది, బాగుచేయడానికి ఎంత అవుతుంది, ఈ రెంటి తేడానే షెడ్డులో ఉన్న కారు విలువ. అంకెలు వాస్తవం అనుకోకండి, అర్థం కావడానికి చెబుతున్నాను. ఒక కారు తయారయ్యాక 8 లక్షలు పలుకుతుందనీ, పనికి 5 లక్షలు అవుతుందనీ అనుకుందాం. అప్పుడు తుప్పు పట్టి పడి ఉన్న దశలో దానికి 3 లక్షల దాకా ఇవ్వొచ్చు. ఇంకో కారు తయారయ్యాక 4 లక్షలే పలికి, పనికి 6 లక్షలు అయ్యేట్టుంటే? దాన్ని ఊరికే ఇచ్చినా కొన్నవాడికి 2 లక్షలు చేతిలోంచి పోతాయి. బ్రోకరు తుక్కు రేటు చెప్పడానికి కారణం ఇది. ఆయనకి మీ కారంటే చిన్నచూపేమీ ఉండదు.

పని ఖర్చు కారు గొప్పతనాన్ని బట్టి తగ్గదు, పెరగదు. టింకరింగ్ మేస్త్రీ కూలి ఇంపాలాకీ అంతే, గెజెల్‌కీ అంతే. పెయింటు లీటరు ధర మారదు. బంపరుకి కొత్తగా పూత వేయించాలంటే పాతది తీసి, నునుపు చేసి, రాగి, నికెల్, ఆపైన క్రోమ్ వరసగా ఎక్కించాలి. ఏ కారు బంపరైనా అదే పని. రోల్స్ రాయిస్ సిల్వర్ షాడో అంత పేరున్న కారు కూడా చాలా కాలం చవగ్గా దొరకడానికి కారణం ఇదే. దాదాపు ముప్పై వేలు తయారయ్యాయి, బ్రేకులు, సస్పెన్షన్‌లో సిట్రొయెన్ లైసెన్సుతో చేసిన హైడ్రాలిక్ వ్యవస్థ ఉంది. కొనడానికి డబ్బున్నవాళ్ళు చాలామంది, దాన్ని సరిగ్గా చేయించడానికి ఓపిక ఉన్నవాళ్ళు తక్కువ. సగంలో వదిలేసిన షాడోలు మార్కెట్లో ఎక్కువైతే బాగున్న వాటి ధరని కూడా అవి కిందికి లాగుతాయి.

గెజెల్‌కి ఈ లెక్కలో ఇంకో చిక్కు ఉంది, విడిభాగాలు. ఇంజను వరకూ భయం లేదు. 948 సీసీ ఇంజను హెరాల్డ్‌దే, ఇంగ్లండులో ట్రయంఫ్ అభిమానులు బోలెడుమంది ఉండటంతో బేరింగులు, గాస్కెట్లు, పంపులు ఇప్పటికీ కొత్తవి చేస్తున్నారు. పార్సెల్ ఖర్చు, కస్టమ్స్ సుంకం భరిస్తే ఇంటికి వస్తాయి. కానీ నాలుగు తలుపుల హెరాల్డ్ ఇంగ్లండులో అసలు లేనే లేదు. గెజెల్ గ్రిల్, బానెట్ అక్కడివాళ్ళు చూసి కూడా ఉండరు. వెనక తలుపు కింద తుప్పు పట్టి పోతే మన మేస్త్రీ రేకు కొట్టి అతకగలడు, ఆటోనగర్‌లో ఆ పనితనం ఇంకా ఉంది. గ్రిల్ పోతే? తలుపు అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగు ఆకారం దొరక్కపోతే? పోత పోసిన హ్యాండిల్ మీద గుంటలు పడి క్రోమ్ లేచిపోతే? ఒక్కో ముక్కకీ ఒక్కో మనిషి వెంట పడాలి, నెలలు పడుతుంది. పద్మినికైతే ఇవన్నీ పాత సామాన్ల కొట్లలో ఇంకా దొరుకుతున్నాయి, ఎందుకంటే లక్షల్లో నడిచిన కారు అది. చూశారా, ఎక్కువ తయారైన కారుకి ఇక్కడ కూడా లాభమే.

కాబట్టి మీ కారు దగ్గరికి వెళ్ళినప్పుడు రంగు చూడకండి. ముందు అన్ని ముక్కలూ ఉన్నాయో లేదో చూడండి. గ్రిల్, నాలుగు తలుపుల హ్యాండిళ్ళు, వెనక లైట్ల అద్దాలు, వీల్ కప్పులు, డ్యాష్‌బోర్డు మీటర్లు, స్టాండర్డ్ అని రాసి ఉండే అక్షరాలు. ఊడిపోయినవి షెడ్డులో ఏ గోనెసంచిలోనో, అటక మీదో ఉంటాయి. పాత ఇళ్ళలో ఎవరూ ఏదీ పారేయరు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తుక్కు కింద పోనివ్వకండి. అన్ని ముక్కలూ ఉండి తుప్పు పట్టిన గెజెల్, పైకి మెరుస్తూ గ్రిల్ లేని గెజెల్ కంటే విలువైనది. ఆ తర్వాత ఒక చిన్న అయస్కాంతం తీసుకుని తలుపుల అడుగున, డిక్కీ నేల మీద, మడ్‌గార్డుల అంచుల్లో పెట్టి చూడండి. అంటుకోకపోతే అక్కడ రేకు బదులు పుట్టీ ఉందని అర్థం. చివరిగా కిందికి వంగి ఛాసిస్ చూడాలి. హెరాల్డ్ సంతతికి బాడీ కింద వేరే ఛాసిస్ ఉంటుంది, మధ్య దూలాల నుంచి పక్కలకి చేతులు చాచినట్టు ముక్కలుంటాయి. తుప్పు మొదట తినేది వాటినే. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగిందంటే పని పెద్దదే.

మార్చిన కార్ల గురించి ఒక మాట. 1980, 90ల్లో మన దగ్గర పెట్రోలు ఖర్చు తట్టుకోలేక అంబాసిడర్లకి, పద్మినిలకి డీజిల్ ఇంజన్లు వేయించారు, గ్యాస్ కిట్లు పెట్టించారు. ఆ రోజుల్లో అది అవసరం, ఎవరినీ తప్పు పట్టను. కానీ ఈ రోజు సేకర్త ముందు ఆర్‌సీ పుస్తకంలోని ఇంజను నంబరు, ఇంజను మీద కొట్టిన నంబరు పక్కపక్కన పెట్టి చూస్తాడు. రెండూ కలవకపోతే సగం ఉత్సాహం అక్కడే చచ్చిపోతుంది. వరద నీళ్ళలో నానిన కారు ఇంకో బాధ. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు మునిగిన బండ్లు ఆ తర్వాత చాలాకాలం అమ్మకానికి తిరుగుతూనే ఉన్నాయి. సీటు కింద స్ప్రింగులు, తలుపు లోపలి అట్టల వెనక బురద చార, హెడ్‌లైటు గిన్నె లోపల పొడి మట్టి, ఇవి చూస్తే తెలిసిపోతుంది. మీ షెడ్డులోకి ఎప్పుడైనా నీళ్ళు వచ్చి ఉంటే కొనేవాళ్ళకి ముందే చెప్పండి. దాచినా మంచి మెకానిక్ కంటపడుతుంది, అప్పుడు నిజం చెప్పిన మిగతా మాటలు కూడా నమ్మరు.

కారు కంటే దాని చరిత్రకే ఎక్కువ ఇచ్చే సందర్భాలు కూడా ఉన్నాయి. 1982లో ఎన్టీఆర్ గారు ప్రచారానికి వాడిన చైతన్య రథం ఒక పాత షెవ్రొలే వ్యాన్. మామూలుగా పాత సరుకు వ్యాన్‌ని సేకర్తలు పెద్దగా అడగరు. ఆ వ్యాన్‌కి మాత్రం వెల కట్టడానికే మనసు రాదు, రాష్ట్రం నలుమూలలా తిరిగిన బండి. మన ఇళ్ళలోని కార్లకి అంత చరిత్ర ఉండదు. అయినా మొదటి యజమాని ఎవరు, ఏ షోరూంలో కొన్నారు, ఎంత కట్టారు, ఎక్కడ సర్వీసు చేయించారు అనే కాగితాలు వరసగా ఉంటే కొనేవాడి నమ్మకం పెరుగుతుంది. 1974 నాటి రసీదు, పాత లైసెన్సు, ఇన్సూరెన్సు కాగితాలు, కారు పక్కన నాన్నగారు నిలబడ్డ ఫోటో, ఏవి ఉన్నా ఒక ఫైల్లో పెట్టండి. కుటుంబం చేతులు మారని కారు అని రుజువు చూపగలిగితే, గెజెల్ లాంటి కారుకి అది రంగుకంటే ఎక్కువ మేలు చేస్తుంది.

కాగితాల్లో మీకు కలిసొచ్చేది ఇంకొకటుంది. కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో వింటేజ్ వాహనాల రిజిస్ట్రేషన్‌కి ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటిన కారు, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా ఉంటే ఆ కోవలోకి వస్తుంది. కొత్తగా రిజిస్టర్ చేసే వాటికి వీఏ అనే అక్షరాలతో నంబరు ఇస్తారు, రుసుము 20,000 రూపాయలు. ఇంతకుముందే నంబరు ఉన్నవాళ్ళు పాత నంబరే ఉంచుకోవచ్చు. 1974 కారు కాబట్టి మీది వయసు పరీక్ష దాటింది. అయితే ఆ కోవలో పెట్టాక రోజూ కూరగాయలకి, ఆఫీసుకి వాడకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, రిపేరు, పెట్రోలు పోయించుకోవడం లాంటి వాటికే రోడ్డెక్కాలి. మీ దగ్గరున్న పాత మూడక్షరాల నంబరు ప్లేటు ఏ పరిస్థితిలోనూ వదులుకోవద్దు. మన రాష్ట్రమంతటికీ కలిపి ఒకే వరసలో నంబర్లు ఇవ్వడం మొదలయ్యాక, జిల్లా పేరు చెప్పే పాత నంబర్ల మీద మమకారం ఇంకా పెరిగింది.

ముందు ముందు గెజెల్‌కి రోజులొస్తాయా అంటే, డబ్బు కోసం ఎదురుచూడొద్దనే చెబుతాను. ఇష్టాలు తరంతో పాటు మారతాయి. 1983 డిసెంబరులో వచ్చిన మొదటి మారుతి 800ని ఒకప్పుడు సేకర్తలు కారుగానే లెక్కపెట్టలేదు, ఇప్పుడు ఆ మొదటి ఆకారం దొరికితే అపురూపంగా దాచుకుంటున్నారు, ఎందుకంటే ఆ కారులో పెరిగిన పిల్లలకి ఇప్పుడు సంపాదన వచ్చింది. హెరాల్డ్‌ని ప్రేమించిన తరం మాత్రం పెద్దవాళ్ళయిపోతున్నారు. వాళ్ళ తర్వాత స్టాండర్డ్ పేరు ఎంతమంది తలుస్తారన్నది నాకు దిగులు కలిగించే విషయమే. మద్రాసులో తయారై, మన కోస్తా జిల్లాల డాక్టర్లు, ప్లీడర్లు నడిపిన కార్లు అవి. అవి పోతే మన రోడ్ల చరిత్రలో ఒక ముక్క పోయినట్టే.

అందుకే ఆ 250 జీటీఈ సంగతి గుర్తుపెట్టుకోమన్నాను. గెజెల్ ఇంజను, గేర్‌బాక్సు హెరాల్డ్ బాగుచేసుకునేవాళ్ళకి పనికొస్తాయి. మీ బ్రోకరు వెనక అలాంటి పార్టీ ఉందేమో తెలియదు, ఉంటే కారు గుంటూరు దాటకముందే ముక్కలవుతుంది. అమ్మేటప్పుడు అడగండి, కారుగా నిలబెడతారా, విప్పేస్తారా అని. నిలబెట్టేవాడు పదివేలు తక్కువిచ్చినా నేనైతే అతనికే ఇస్తాను. అలాంటివాళ్ళు చెన్నై, కోయంబత్తూరు, బెంగళూరు వైపు ఎక్కువ. ఫ్యాక్టరీ మద్రాసు పక్కనే కాబట్టి స్టాండర్డ్ కార్లు తెలిసిన మెకానిక్‌లు, పాత సామాను నిల్వలు అక్కడే ఉన్నాయి. అక్కడి పాత కార్ల సంఘాల వాళ్ళకి ఫోటోలు పంపండి. నాలుగు పక్కలా, డిక్కీ లోపల, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ప్లేటు, ఊడిపోయిన ముక్కలు అన్నీ ఒక దుప్పటి మీద పరిచి ఒకటి. తుప్పు ఉన్న చోట్లు కూడా దగ్గరగా తీయండి.

ఈలోగా కారుని బ్యాటరీ పెట్టి స్టార్ట్ చేసే ప్రయత్నం చేయకండి. అన్నేళ్ళు ఆగిన ఇంజన్లో పిస్టన్ రింగులు సిలిండర్ గోడకి పట్టేసి ఉంటాయి, బలవంతంగా తిప్పితే విరుగుతాయి. నాలుగు స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఒక్కో రంధ్రంలో రెండు మూడు చెంచాల ఇంజనాయిల్ పోసి నాలుగు రోజులు వదిలేయండి. తర్వాత గేరు న్యూట్రల్‌లో ఉంచి, ముందు పుల్లీ బోల్టుకి పానా తగిలించి చేత్తో మెల్లగా తిప్పించండి. కదిలితే సగం టెన్షన్ పోయినట్టే, అమ్మేటప్పుడు "ఇంజను తిరుగుతోంది" అని ధైర్యంగా చెప్పొచ్చు. ట్యాంకులో మిగిలిన పెట్రోలు బంకలా మారి ఉంటుంది, దాన్ని తీయించేయండి. బండిని ఎక్కడికి తరలించినా తాడు కట్టి లాగించొద్దు, బ్రేకులు పట్టేసి ఉంటాయి. ట్రాలీ మీద ఎక్కించి తీసుకెళ్ళండి.